పెండిల్‌బరీ ఇంకా పూర్తి స్థాయిలోనే ఆడుతున్నాడా?

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను ఏళ్లుగా చూస్తున్నవారు కాస్త చెప్పండి. కాలింగ్‌వుడ్ క్లబ్ మిడ్‌ఫీల్డర్ స్కాట్ పెండిల్‌బరీ ఇప్పటికీ తన ఉత్తమ స్థాయిలో ఉన్నట్టేనా? లేక పేరును చూసి మనం మార్కులు వేస్తున్నామా?

1988లో పుట్టాడు, 2006లో అరంగేట్రం. 2010 గ్రాండ్ ఫైనల్ రీప్లేలో నార్మ్ స్మిత్ పతకం (ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది), 2023లో రెండో ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్), 2024లో 400వ మ్యాచ్. లీగ్ చరిత్రలో అత్యధిక డిస్పోజల్స్ (కాలితో తన్ని గానీ, చేత్తో కొట్టి గానీ బంతిని అందించిన సందర్భాలు) అతనివే. ఆ ఘనతపై నాకు పేచీ లేదు. సందేహమంతా ఇప్పటి ఆట మీదే.

నేను క్రికెట్ నేపథ్యం నుంచి వచ్చినవాణ్ణి. అక్కడ వయసు మీదపడితే సగటు చెప్పేస్తుంది. ఇక్కడ అలా కాదు. ఒత్తిడి లేనిచోట అందుకుని పక్కకు అందించిన బంతీ, నలుగురి మధ్య నుంచి లాగి ముందుకు తన్నిన బంతీ డిస్పోజల్స్ లెక్కలో ఒకటే! పైగా అతను మొదటి నుంచీ వేగాన్ని నమ్ముకున్న ఆటగాడు కాదు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాడు కాబట్టి కాబోలు, చుట్టూ తోపులాట జరుగుతున్నా తీరిగ్గా చూసి బంతి ఇస్తాడు. అలాంటివాడిలో క్షీణతను ఎలా గుర్తుపట్టాలి?

క్లియరెన్సులు (ఆట ఆగి మళ్లీ మొదలైనచోటు నుంచి బంతిని బయటికి తీయడం) చూడాలా, పోటీలో గెలిచిన బంతులా, మైదానంలో గడిపిన సమయమా? బంతి పోయాక వెనక్కి పరుగెత్తే తీరు టీవీలో సరిగా కనిపించదు. స్టేడియంలో చూసేవారు దాని గురించి తప్పక రాయండి. కాలింగ్‌వుడ్ అభిమానులూ రాయవచ్చు, కాస్త నిష్పక్షపాతంగా.