గుర్యుల్ రవైన్‌లో బ్రాకియోపాడ్ల చివరి పొర: పొడిగింపు ఎలా లెక్కకట్టాలి?

శ్రీనగర్ దగ్గర ఖున్మోలోని గుర్యుల్ రవైన్ సెక్షన్ (రాతి పొరలు వరుసగా బయటపడి కనిపించే చోటు) గురించి ఒక సందేహం. పెర్మియన్-ట్రయాసిక్ సరిహద్దు (సుమారు 25.19 కోట్ల ఏళ్ల క్రితం) దగ్గర ప్రొడక్టిడ్లు (ముళ్లున్న బ్రాకియోపాడ్లు; బ్రాకియోపాడ్లంటే రెండు చిప్పల గుల్ల ఉన్న సముద్ర జీవులు) ఒక్కసారిగా పోయాయా, అంచెలంచెలుగానా అన్నది తేల్చాలి. చివరిగా దొరికిన పొరే జాతి అంతరించిన పొర కాదు కదా. దొరికే అవకాశం తక్కువైతే హఠాత్ వినాశనం కూడా మెల్లగా జరిగినట్టే కనబడుతుంది.

స్ట్రాస్-శాడ్లర్ సూత్రంతో 95 శాతం పొడిగింపు (చివరి శిలాజానికి పైన జాతి ఇంకా ఎంత ఎత్తు వరకు ఉండి ఉండొచ్చో, 95 శాతం నమ్మకంతో చెప్పే హద్దు) తీస్తే, 12 మీటర్ల పరిధిలో 6 పొరల్లో దొరికిన జాతికి పైన 9.8 మీటర్లు వస్తోంది. అదే 11 పొరల్లో దొరికితే 4.2 మీటర్లే. ఇక్కడే చిక్కు: ఈ సూత్రానికి శిలాజాలు పరిధి అంతటా యాదృచ్ఛికంగా పరుచుకుని ఉండాలి. ఇక్కడ జెవాన్ ఫార్మేషన్ (ఒక శిలా సముదాయం) ఇసుక పొరలు పోయి, పైనున్న ఖునముహ్ ఫార్మేషన్ షేల్ (బురద గట్టిపడిన పలకరాయి) మొదలవుతుంది. రాయి మారితే దొరికే అవకాశమూ మారుతుంది, కాబట్టి ఆ 9.8ని నేను నమ్మను.

మార్షల్ చెప్పిన రికవరీ ఫంక్షన్ (ఏ పొరలో శిలాజం దొరికే అవకాశం ఎంతో బరువుల రూపంలో లెక్కలోకి తెచ్చేది) వాడాలంటే బరువు దేన్ని బట్టి ఇవ్వాలి? పొర మందమా, పగలగొట్టిన రాయి కిలోలా, నీటి లోతా?

ఇంకోటి. ఖునముహ్ అడుగు పొరల్లోని పెర్మియన్ తరహా గుల్లలు అక్కడే బతికినవా, కింది నుంచి కొట్టుకొచ్చినవా? రెండు కవాటాలూ (గుల్ల చిప్పలు) కలిసి, ముళ్లు విరగకుండా ఉంటే అక్కడివే అనుకోవచ్చు. విడి కవాటాలే దొరికితే ఏ ఆధారం చూస్తారు?

(లింగ్యులిడ్లనే మరో రకం బ్రాకియోపాడ్లను లెక్కలో కలపలేదు, అవి ట్రయాసిక్‌లోనూ హాయిగా ఉన్నాయి.)