పెట్రోలు వ్యాట్ తగ్గించాలా, ఆ డబ్బుతో పింఛన్లూ ఉచిత బస్సులే నడపాలా? పేదలకు ఏది మేలు?

లెక్కలపద్దు
ముందు రేట్లు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు. ఆ సెస్సు మీద మళ్లీ వ్యాట్. కేంద్ర సుంకం, డీలరు కమీషన్ కలుపుకొని వ్యాట్‌కు ముందు ధర 80 రూపాయలు అనుకుంటే, రాష్ట్రం తీసుకునేది లీటరుకు 30 దాటుతుంది. తెలంగాణలో 35.20 శాతం, అదే 80 మీద 28 రూపాయల 16 పైసలు.

ఇప్పుడు బండి మీద పనికి పోయే తాపీమేస్త్రిని తీసుకోండి. రోజుకు అర లీటరు, నెలకు 26 పనిదినాలు, అంటే 13 లీటర్లు. ఆంధ్రలో అయితే నెలకు 390 రూపాయలు ఒక్క పెట్రోలు పన్నుకే పోతాయి. పని దొరకని రోజు కూడా అడ్డా దాకా పోయి రావాల్సిందే, ఆ పెట్రోలుకూ పన్ను తప్పదు. ఆదాయపు పన్ను కట్టక్కర్లేని మనిషి దగ్గర ఇంత పిండడం అన్యాయం. వ్యాట్ తగ్గించాలి.

కృష్ణలంక
మేస్త్రి లెక్క సరే. బండే లేని ముసలమ్మ మాటేంటి? వ్యాట్‌లో 5 రూపాయలు తగ్గిస్తే మీ మేస్త్రికి నెలకు 65 మిగులుతాయి, నెలకు 100 లీటర్లు పోయించే కారు యజమానికి 500 మిగులుతాయి, ఆమెకు నేరుగా పైసా రాదు. ఆంధ్రలో 2024 జులై నుంచి ఆమె చేతికి నెలనెలా 4,000 పింఛను అందుతోంది.

ఇంకో సంగతి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా రేటు మార్చుకోగల పెద్ద పన్నులు నాలుగే మిగిలాయి: పెట్రోలు డీజిలు వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. కేంద్రం వైపు చూస్తే, 2022 మే కోత తర్వాత లీటరు పెట్రోలు మీద పడిన 19.90 సుంకంలో రాష్ట్రాలతో పంచుకునే బేసిక్ సుంకం 1.40 మాత్రమే ఉండేది. మిగతాదంతా సెస్సులూ ప్రత్యేక అదనపు సుంకమూ, వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. వ్యాట్ కోసేస్తే ఆ లోటు ఎక్కడ పూడుస్తారో కూడా చెప్పాలి కదండీ.

వరంగల్ వాసి
పెట్రోలు కన్నా పేదల్ని ఎక్కువ గుంజేది మద్యం. దాన్ని వదిలేసి మాట్లాడుకుంటే లాభం లేదు. ఆంధ్రలో 2024 అక్టోబరు నుంచి 180 మిల్లీలీటర్ల క్వార్టర్ 99 రూపాయలకు తెచ్చారు. రోజుకు ఒకటి అనుకున్నా నెలకు 2,970. ఆ ఇంటి ముసలామెకు వచ్చే 4,000 పింఛనులో దాదాపు ముప్పాతిక వంతు అదే ఇంట్లోంచి దుకాణానికి పోతుంది, అందులో పెద్ద వాటా మళ్లీ ఖజానాకే చేరుతుంది.

‘ధర పెంచితే తాగడం మానేస్తారు’ అనే మాట కూడా చూశాం. ఆంధ్రలో 2020 మేలో రెండు రోజుల్లో మద్యం ధర 75 శాతం పెంచారు. సరిహద్దు మండలాల్లోకి తెలంగాణ సీసాలు దిగాయి, తాగేవాళ్ల ఇళ్లలో సరుకులకు డబ్బు తగ్గింది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, మద్యం మీద వచ్చే అదనపు సుంకాన్ని చూపించి బ్యాంకుల్లో అప్పు తెచ్చారు. అప్పు తీరేదాకా అమ్మకాలు పడిపోకూడదు అనే పరిస్థితిని ప్రభుత్వమే తెచ్చిపెట్టుకుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. తెలంగాణ కూడా ఏమీ తీసిపోలేదు. 2025లో దుకాణం కోసం వేసే ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు కట్టించుకున్నారు, లాటరీలో పేరు రాకపోయినా అది తిరిగి రాదు.

మెట్టపొలం
ఉచిత బస్సు ఆడవాళ్లకు మేలే, కాదనను. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైంది. కానీ బస్సే రాని ఊళ్లో జీరో టికెట్ ఎవరికి? అక్కడ షేర్ ఆటోనే దిక్కు. ఆంధ్రలో ఆ ఆటో డీజిలు మీద 22.25 శాతం వ్యాట్, పైన 4 రూపాయలు, సెస్సు ఒక రూపాయి, మొత్తం లీటరుకు ఇరవై దాటుతుంది. బస్సు తిరిగే రూట్లలో ఆటోలకు బేరం తగ్గిందని డ్రైవర్లకు 2025 అక్టోబరులో 15,000 ఇచ్చారు. ఆ డ్రైవరు రోజుకు 4 లీటర్లు పోయిస్తే ఏడాదికి కట్టే డీజిలు పన్ను పాతిక వేలకు తగ్గదు. ముందు బస్సుల్లేని రూట్లకు డబ్బు కేటాయించాలి.

లెక్కలపద్దు
కృష్ణలంక గారు అడిగిన లోటు గురించి. మొత్తం వ్యాట్ ఎత్తేయమనడం లేదు. శాతం తీసేసి లీటరుకు ఇంత అని స్థిరంగా పెట్టమంటున్నాను. ముడిచమురు పెరిగి వ్యాట్‌కు ముందు ధర 10 రూపాయలు ఎక్కితే రాష్ట్రం ఏ జీవో ఇవ్వకుండానే ఇంకో 3.10 వచ్చిపడుతుంది, అదీ ధరలు మండే సమయంలో. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు సుంకం 5 తగ్గించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ తమ రేటు ముట్టుకోలేదు. స్థిరమైన రేటు ఉంటే ఖజానాకూ ముందే లెక్క తెలుస్తుంది, మేస్త్రికీ ఉన్నట్టుండి దెబ్బ తగలదు.

కృష్ణలంక
ఆ సవరణకు నా అభ్యంతరం లేదు. అయితే చమురు ధర పడినప్పుడు కూడా ఆ స్థిర మొత్తం తగ్గదు, అది ఒప్పుకోవాలి.

సచివాలయం మెట్లు
మీరంతా వసూలు దగ్గరే ఆగారు. డబ్బు పంచే చోట ఎవరు జారిపోతున్నారో చూడండి. ఆంధ్రలో పథకానికి అర్హత అంటే ఆరు అంచెల పరిశీలన: ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, ప్రభుత్వోద్యోగం లేదా ఆదాయపు పన్ను, కరెంటు వాడకం. ఎక్కువ మంది దెబ్బతినేది కరెంటు దగ్గర. పన్నెండు నెలల సగటు 300 యూనిట్లు దాటకూడదు. యజమాని పేరు మీద ఒకటే మీటరు, మూడు వాటాలు, అద్దెకున్నవాళ్ల ఆధార్ ఆ మీటరుకు ముడిపడితే మొత్తం వాడకం ఒక్క కుటుంబం లెక్కలో పడుతుంది. బడికి పోయే పిల్లల తల్లులకిచ్చే ‘తల్లికి వందనం’లో ఒక్కో పిల్లాడి పేరున అందే 13,000 ఆగిపోయేది అక్కడే.

పేరు అనర్హుల జాబితాలో కనిపిస్తే ముందు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఏ కారణం చూపించారో, ఏ సర్వీసు నంబరు పడిందో రాయించుకోండి. ఆ నంబరుతో కరెంటు ఆఫీసుకు వెళ్లి మీది కాని మీటరు నుంచి ఆధార్ తీయించండి. ఆ కాగితం జతచేసి సచివాలయంలోనే అభ్యంతరం పెట్టి రసీదు తీసుకోండి. కారు విషయంలోనూ అంతే. టాక్సీకి మినహాయింపు ఉంది, కానీ అమ్మేసిన కారు ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతే అది మీ కారుగానే లెక్కకొస్తుంది, రవాణా శాఖలో బదిలీ పూర్తయ్యేదాకా పేరు అనర్హుల్లోనే ఉంటుంది.