ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు పెంచుకోవాలా, నేరుగా ఫాస్ట్ ట్రాక్‌లో ఎయిర్‌లైన్‌కి వెళ్లాలా?

గాలివాటం:
కమర్షియల్ లైసెన్స్ చేతికొచ్చి మూడు వారాలైంది. ఇప్పటిదాకా నడిపింది మొత్తం 214 గంటలు. నా ముందు రెండు దారులున్నాయి. నేర్చుకున్న స్కూల్లోనే ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి, పాఠాలు చెప్పుకుంటూ గంటలు పెంచుకోవడం ఒకటి. ఒక ఎయిర్‌లైన్‌కి అనుబంధంగా నడిచే ఫాస్ట్ ట్రాక్ కోర్సు రెండోది, టైప్ రేటింగ్‌తో (ఒక రకం విమానాన్ని నడిపే అర్హత) కలిపి ఏడాదిలోపు జెట్‌లో కూర్చోవచ్చంటున్నారు. ఇంట్లోవాళ్లు రెండోదానికే మొగ్గుతున్నారు, నాకు నేర్పినాయన మొదటిదే మంచిదంటున్నారు. నెలాఖరులోగా తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కుడిసీటు:
ఇన్‌స్ట్రక్టర్ అవ్వు తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు. నేను ఇప్పటికి 1100 గంటలు పాఠాలు చెప్పాను. నీ 214 గంటల్లో స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మోయలేక వదిలేయడం, ఎన్నిసార్లు చూసుంటావు? అన్నీ ముందే చెప్పి, చాలా ఎత్తులో, పక్కన మనిషి ఉండగా చేసినవే కదా. నా స్టూడెంట్ ఒకడు దిగడానికి బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి మలుపు తిరుగుతూ, రన్‌వే దాటిపోతున్నానని కంగారుపడి తిరిగే వైపు రడ్డర్ పెడల్ తొక్కేశాడు. ముక్కు కిందికి జారుతుంటే యోక్ (స్టీరింగ్ లాంటిది) వెనక్కి లాగాడు. 500 అడుగుల ఎత్తు కూడా లేదు. స్టాల్ హారన్ మోగడం, నా చేయి యోక్ మీద పడడం ఒకేసారి జరిగాయి. ముందుకు తోసి, రెక్కలు సమం చేసి, ఫుల్ పవర్‌తో పైకి తీసుకెళ్లాక చూసుకుంటే నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. సిమ్యులేటర్లో అయితే ఏదో ఒకటి జరగబోతోందని నీకు ముందే తెలుసు. ఇక్కడ తెలియదు.

అమెరికాలో ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా 1500 గంటలు ఉండాలని 2013లో రూల్ పెట్టారంటే ఊరికే పెట్టలేదు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. ఆ కుటుంబాలు పట్టుబట్టి సాధించుకున్న రూల్ అది.

తిన్ననిదారి:
ఆ ప్రమాదం గురించి చెప్పేటప్పుడు సగమే చెప్పకండి సార్. ఆ కెప్టెన్‌కి 3379 గంటలు, ఫస్ట్ ఆఫీసర్‌కి 2244 గంటలు. ఇద్దరూ 1500 ఎప్పుడో దాటేశారు. స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే స్టిక్ షేకర్ వణికితే ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ వెనక్కి లాగాడు. ఆ రోజుకి ఈ రూల్ ఉన్నా ఆ ఇద్దరూ అదే కాక్‌పిట్‌లో కూర్చునేవాళ్లు.

నేను 230 గంటలతో జెట్‌లోకి వచ్చాను. యూరప్‌లో 200 గంటల పైచిలుకుతో కో పైలట్లు అవడం దశాబ్దాలుగా ఉన్నదే. నాకు మొదటి రోజు నుంచీ నేర్పింది ఇద్దరు కలిసి విమానం నడపడం. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు గమనించడం, తేడా కనబడితే కెప్టెన్ అయినా సరే నోరు తెరిచి చెప్పడం. చిన్న సెస్నా విమానంలో రన్‌వే చుట్టూ ఎన్ని సర్క్యూట్లు కొట్టినా అది రాదు. ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ 1100 గంటల్లో కంట్రోల్స్ మీ చేతిలో ఉన్నవి ఎన్ని?

ఫ్లాప్స్30:
నాకూ ఇదే డౌట్. స్టూడెంట్ నడిపినా ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో మొత్తం పైలట్ ఇన్ కమాండ్ కిందే రాసుకుంటారు కదా?

కుడిసీటు:
రాసుకుంటాం, ఎందుకంటే ఏదైనా జరిగితే బాధ్యత మాదే. చేతిలో ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. పట్టుకోకుండా కూర్చోవడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. స్టూడెంట్ ఫ్లేర్ చేస్తుంటే, అంటే నేలకి తగిలేముందు ముక్కు కొంచెం ఎత్తుతుంటే, నా రెండు వేళ్లు యోక్ వెనకాల, తగిలీ తగలకుండా ఉంటాయి. కాళ్లు పెడల్స్ ముందు సిద్ధంగా ఉంటాయి. ముందే పట్టేసుకుంటే వాడు నేర్చుకోడు, ఒక్క క్షణం ఆలస్యమైతే ముక్కు చక్రం విరుగుతుంది. ఆ క్షణం ఎక్కడుందో తెలియడమే రేపు కెప్టెన్ చేయాల్సిన పని.

తిన్ననిదారి:
నేను అడిగిందానికి జవాబు రాలేదు. ఎన్ని గంటలు?

కుడిసీటు:
లెక్క పెట్టలేదు. నువ్వు జెట్‌లో ఆటోపైలట్ వేసి కూర్చున్న గంటలు తీసేసి చెప్పు, అప్పుడు నేనూ చెప్తాను.

ఎడమసీటు:
ఎయిర్‌లైన్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి లైన్ ట్రైనింగ్, అంటే మామూలు సర్వీసుల్లో నడుపుతూ నేర్పడం, ఇస్తుంటాను. ఇన్‌స్ట్రక్టర్లుగా చేసి వచ్చినవాళ్లు క్రాస్‌విండ్‌లో (అడ్డుగాలిలో) బెదరరు, కానీ పక్కనున్న నాకు చెప్పకుండా అన్నీ తామే చేసేస్తారు. క్యాడెట్లకి (ఫాస్ట్ ట్రాక్‌లో వచ్చినవాళ్లకి) ప్రొసీజర్లు నోటికొచ్చి ఉంటాయి, ఎండ కాస్తున్న రోజున ఆటోపైలట్ తీసి చేత్తో దింపమంటే భుజాలు బిగుసుకుపోతాయి. ఇద్దరికీ నేర్పాల్సింది ఉంటుంది, అవి వేరే వేరే సంగతులు, అంతే.

కుడిసీటు:
ఆ బిగుసుకుపోవడమే నేను చెప్పేది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447లో 228 మంది పోయింది స్టాల్‌లో ఉన్నామని గుర్తుపట్టలేకే. స్పీడు కొలిచే పిటాట్ గొట్టాల్లో మంచు పేరుకుని స్పీడు రీడింగ్ పోయింది, ఆటోపైలట్ తప్పుకుంది, చేతిలోకొచ్చిన విమానాన్ని పైలట్ పైకి లాగుతూనే ఉన్నాడు.

తిన్ననిదారి:
ఆ పైలట్‌కి దాదాపు 3000 గంటలున్నాయి. మళ్లీ మీరే నా వాదన గెలిపిస్తున్నారు.

సగంలైసెన్స్:
గాలివాటం గారూ, వీళ్ల గంటల లెక్క పక్కన పెట్టండి. చేరేముందు ఆ కోర్సు చివర్లో ఏ లైసెన్స్ ఇస్తారో అడిగారా? నాది ఎంపీఎల్ (మల్టీ క్రూ పైలట్ లైసెన్స్). అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2006లో తెచ్చిన లైసెన్స్, కనీసం 240 గంటలు, అందులో ఎక్కువ భాగం సిమ్యులేటర్లోనే. ఇద్దరు పైలట్లుండే విమానంలో కో పైలట్‌గా కూర్చోవడానికే అది. 2020లో ఎయిర్‌లైన్ మా బ్యాచ్ మొత్తాన్ని ఆపేసింది. నా కోర్సులో వచ్చిన దానితో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరలేకపోయాను, చిన్న విమానాల్లో ఒక్కడినే జీతానికి నడపలేకపోయాను. మళ్లీ డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్స్‌కి మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. విమానాలు ఆగాయి గానీ అప్పు వాయిదా ఒక్క నెల కూడా ఆగలేదు. మీకు ఇప్పటికే కమర్షియల్ ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి.

గాలివాటం:
అడగలేదండీ. టైప్ రేటింగ్ ఇస్తామన్నారు, ఉద్యోగం "అవకాశాన్ని బట్టి" అని రాసుంది.

సగంలైసెన్స్:
మా కాగితంలోనూ సరిగ్గా అదే మాట ఉంది.

తిన్ననిదారి:
2020లో పనిలేక కూర్చున్నది క్యాడెట్లు ఒక్కరేనా? పదివేల గంటల కెప్టెన్లూ ఇంట్లోనే ఉన్నారు. మీ ఎయిర్‌లైన్ చేసిన తప్పుని ట్రైనింగ్ మీద వేయకండి. సీనియారిటీ లిస్టులో రెండేళ్లు ముందు ఎక్కినవాడు జీతంలో, బేస్ ఊరు ఎంచుకోవడంలో, కెప్టెన్ ప్రమోషన్‌లో జీవితాంతం ముందే ఉంటాడు.

నాలుగోగురువు:
ఇంతసేపూ చదువుతున్నాను. ఒక్కరికైనా ఎడమ సీటులో కూర్చున్న స్టూడెంట్ కనబడుతున్నాడా? నేను ఆ స్టూడెంట్‌ని. పదకొండు నెలల్లో నలుగురు ఇన్‌స్ట్రక్టర్లు మారారు. ఫ్లేర్‌లో రన్‌వే చివర చూడమని ఒకరు, పక్కకి చూడమని ఇంకొకరు. మూడో ఆయన నా లాగ్‌బుక్ నమ్మక మళ్లీ స్ట్రెయిట్ అండ్ లెవెల్ నుంచి మొదలుపెట్టించారు, ఆ గంటలన్నిటికీ డబ్బు కట్టింది నేనే. రెండో ఆయనంటే నాకు ప్రాణం. నన్ను ఆ వారం సోలోకి, అంటే ఒంటరిగా నడపడానికి, పంపిస్తానన్నారు. సోమవారం పొద్దున్నే వెళ్తే బోర్డు మీద నా పేరు పక్కన వేరే పేరుంది. ఎయిర్‌లైన్ నుంచి పిలుపొచ్చిందట. ఒక్క ఫోన్ కూడా చేయలేదు. మీరు 1100 అని చెప్పుకుంటున్న అంకె మా ఇంటి డబ్బుతో నిండింది, అది గుర్తుపెట్టుకోండి.

తిన్ననిదారి:
ఇదీ అసలు సంగతి. పాఠం చెప్పడం ఇష్టం లేనివాళ్లంతా గంటల కోసం ఇన్‌స్ట్రక్టర్లవుతున్నారు. కుడిసీటు గారూ, సూటిగా చెప్పండి, మీకు కావాల్సింది స్టూడెంట్లా, గంటలా?

కుడిసీటు:
నన్ను ఆ మాట అడిగే హక్కు నీకు లేదు. నేనూ క్యాడెట్ సెలెక్షన్ పాసయ్యాను, తెలుసా? అన్ని రౌండ్లూ. ఫీజు కాగితం ఇంటికొచ్చిన రోజు మా అమ్మ ఇల్లు తాకట్టు పెడదాం అంది. నేనే వద్దన్నాను. ఇల్లున్నవాళ్లకి తిన్నని దారి, లేనివాళ్లకి ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే కుడి సీటు. మూడేళ్లుగా నేను నడుస్తున్నది ఇదే. దీన్ని ఎవరో వచ్చి సర్క్యూట్లు కొట్టడం అంటే ఒళ్లు మండుతుంది.

తిన్ననిదారి:
మావాళ్లు పెట్టారు, ఇల్లు. ఇంకా విడిపించలేదు. నా జీతంలో సగం పైన దానికే పోతుంది. నేను తేలిగ్గా వచ్చానని మీరు అనుకుంటుంటే అది తప్పు. మీరు స్టూడెంట్ల ఖర్చుతో నేర్చుకుంటున్నారు, నేను మా అమ్మానాన్నల ఖర్చుతో నేర్చుకున్నాను. పైలట్ కావాల్సింది ఎయిర్‌లైన్‌కి, అది మాత్రం రూపాయి పెట్టదు.

ఫ్లాప్స్30:
మొదటి నుంచీ ఈ మాట ఎవరూ అనలేదు.

కుడిసీటు:
ఇల్లు సంగతి నాకు తెలియదు. ఆటోపైలట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చేతిలో ఉన్న గంటలు మహా అయితే 200 ఉంటాయి. మిగతావి లెక్కలోకి రావంటే మాత్రం ఒప్పుకోను.

నాలుగోగురువు:
కుడిసీటు గారూ, మీకూ ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూ దగ్గర పడే ఉంటుంది. మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? వాళ్లకి చెప్పారా?

కుడిసీటు:
ఆరుగురు. ఇంటర్వ్యూ వచ్చే నెల 9న. చెప్పలేదు.

గాలివాటం:
సార్, నేను రేటింగ్ చేసి మీలాగే చేరితే, వెళ్లే రోజు నేనూ చెప్పకుండానే వెళ్తానేమో. ఆ సంగతి ఇప్పటిదాకా నాకు తట్టనే లేదు.

కుడిసీటు:
రేపు పొద్దున్న ఆరుగురికీ చెప్తాను. ఇద్దరికి సోలో బాకీ ఉంది. గాలి అనుకూలిస్తే ఈ పదిహేను రోజుల్లో పంపేస్తాను. మిగతా నలుగురి గురించి, వచ్చే ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టకుండా, ఎవరికి ఏం వచ్చో ఏం రాదో కూర్చుని రాసి ఇవ్వాలి.

నాలుగోగురువు:
ఫ్లేర్‌లో ఎక్కడ చూడమని నేర్పారో అది కూడా రాయండి.