కింద షాపులు, పైన ఇళ్లు: వైజాగ్ ఎండకి ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న (అక్కయ్యపాలెం)
పడమర రోడ్డుతో మాకు 300 గజాల స్థలం ఉంది. కింద నాలుగు షట్టర్లు, పైన మూడు అంతస్తుల్లో పోర్షన్లు వేద్దామనుకుంటున్నాం. ఒక షట్టర్ టిఫిన్ హోటల్‌కి అడుగుతున్నారు. డిజైనర్ రోడ్డువైపు మొత్తం గ్లాస్ పెట్టమంటున్నాడు. అమ్మానాన్న పైనే ఉంటారు, వేసవంతా ఏసీ గదిలో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. బడ్జెట్ తక్కువ. ముందు సోలార్ పెట్టించాలా?

జవాబు (సివిల్ ఇంజనీర్, ఎంవీపీ కాలనీ)
సోలార్ తర్వాత చూద్దామండి, ముందు ఆ గ్లాస్ ఆపండి. దక్షిణం ఎండ నెత్తి మీదుగా వస్తుంది, మామూలు సన్‌షేడ్ చాలావరకు ఆపేస్తుంది. పడమటి ఎండ మూడు దాటాక కిందికి వాలి నేరుగా గదిలో పడుతుంది. దానికి నిలువు ఫిన్లు (కిటికీల పక్కన బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు) గానీ జాలీ (కన్నాల గోడ) గానీ కావాలి. మెట్లు, లిఫ్టు, బాత్రూమ్‌లు పడమర పెట్టించి, పడక గదులు తూర్పు, దక్షిణాలకు తిప్పండి. వేసవిలో నైరుతి గాలి దక్షిణం కిటికీకే అందుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఎదురుగా వెంటిలేటర్ కూడా ఉండాలి.

గోడలకి పరవాడ థర్మల్ ప్లాంటు బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుక చాలు. పడమటి గోడకి మాత్రం ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మ) వాడండి, వేడి బాగా ఆపుతుంది. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. అది పెద్ద స్థలాలకు పెట్టిన కోడ్. అయినా ఆ లెక్క వేసి చూపించమని డిజైనర్‌ని అడగండి, గ్లాస్ సంగతి అక్కడే తేలిపోతుంది.

అన్నిటికన్నా నాకు బెంగ ఆ హోటల్ గురించే. పొయ్యి పొగ డాబా దాకా పోయే డక్టుకి (పొగ గొట్టానికి) స్లాబు వేయకముందే ఖాళీ వదలాలి. తర్వాత కోయిస్తే డబ్బూ పోతుంది, స్లాబుకీ మంచిది కాదు. షాపుల ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు షట్టర్ల మీద బిగిస్తే ఆ వేడంతా మొదటి అంతస్తు కిటికీల్లోకే వస్తుంది. వాటి చోటు ప్లాన్‌లోనే రాయించండి.

జవాబు (ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, గాజువాక)
సోలార్ గురించి ఒక మాట. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇంటి మీటర్లకే, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. షాపు మీటర్లకు రాదు. కానీ పగటి కరెంటు ఎక్కువ వాడేది షాపులే, కాబట్టి రెండు లెక్కలూ విడిగా వేయించండి. ప్యానెళ్ల స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌ది (కరిగిన జింకులో ముంచి పూత పట్టించింది), బోల్టులు స్టెయిన్‌లెస్‌వి పెట్టించండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లం, స్టాండు ఎంత గాలికి ఆగుతుందో కాగితం మీద రాయించుకోండి.

అడిగినవారు
గ్లాస్ వద్దని చెప్పేశానండి. జాలీ సిమెంటుది మేలా, టెర్రకోటదా?

సివిల్ ఇంజనీర్
టెర్రకోటదే మేలు. సిమెంటు జాలీలో సన్న ఇనుప చువ్వలుంటే తుప్పు పట్టి ఉబ్బి, బిళ్లలు పగులుతాయి. అయితే ఒకే పెద్ద పలకలా కట్టించకండి. మధ్యమధ్యలో కాంక్రీటు పిల్లర్లకి బిగిస్తే తుఫాను గాలికి తట్టుకుంటుంది.