రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌కి సర్కారు సొమ్ము: ఉత్తినే ఇవ్వాలా, అప్పుగా ఇవ్వాలా?

ఉండి_రాజు:
స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అని 2021లో మొదలెట్టేరు. నమూనా తయారీకి, ట్రయల్స్‌కి 20 లక్షల దాకా గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేదు. నేను చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు కొనాలంటే బ్యాంకు పొలం కాయితాలు అడుగుద్ది. ఈ సెన్సార్ కంపెనీలోళ్లకి ఉత్తినే ఎందుకండీ? అప్పుగా ఇవ్వమనండి.

కాకినాడ_కుర్రాడు:
ఉత్తినే కాదండి రాజుగారూ. ఇంక్యుబేటర్ అని, కొత్త కంపెనీలకి సాయం చేసే సంస్థ ఉంటుంది, దాని కమిటీ ముందు నిలబడాలి. డబ్బు విడతల్లో వస్తుంది, చెప్పిన పని అవ్వకపోతే తర్వాతి విడత రాదు. మార్కెట్‌లోకి తేవడానికి ఇచ్చే 50 లక్షల దాకా సొమ్ము అప్పే, లేదంటే తర్వాత కంపెనీలో వాటాగా మారే అప్పు పత్రాలు (డిబెంచర్లు). పనిచేస్తుందో లేదో తెలియని దశకే గ్రాంటు, అప్పుడు ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు. అమెరికాలో 1982లోనే చిన్న కంపెనీల పరిశోధనకి ఇలా ఇవ్వడం మొదలెట్టారు, వాటా కూడా అడగలేదు.

లంక_కొబ్బరి:
అమెరికా మాటెత్తకండి బాబూ, రొయ్య మీద సుంకం గుర్తొస్తది.

ఉండి_రాజు:
మీ కంపెనీ సెన్సార్లో ప్రోబ్, అదే నీళ్లలో ముంచే కొలత పుల్ల, ఎక్కడిది? చైనాదేనా?

కాకినాడ_కుర్రాడు:
ప్రోబ్ దిగుమతే. బోర్డు, సాఫ్ట్‌వేర్, ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్ ఆన్ చేసే ప్యానెల్ మావి.

ఉండి_రాజు:
అంటే చైనా ప్రోబ్‌కి డబ్బా బిగించడం పరిశోధన అన్నమాట.

తణుకు_మేష్టారు:
అప్పు కోరేవాళ్లకి వేరే దారి ఉంది. 2025 జులైలో కేబినెట్ ఒప్పుకున్న లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకంలో ప్రధానంగా తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులే. అయితే అది కొంత రుజువైన టెక్నాలజీకి. అక్కడిదాకా ఎలా చేరాలన్నదే కదా ఇప్పుడు తగువు?

ఉండి_రాజు:
మేష్టారూ, ప్రోబ్ సంగతి తేల్చనివ్వండి.

కాకినాడ_కుర్రాడు:
ఎన్నిసార్లు చెప్పాలండీ? మీకు గ్రాంటుతో పేచీ లేదు. ఊళ్లో కుర్రాడు హైదరాబాద్ పోకుండా ఇక్కడే కంపెనీ పెడితే చూడలేరు, అంతే.

ఉండి_రాజు:
నోరు జాగ్రత్త బాబూ. నిరుడు ఓ కంపెనీవోళ్లు "ట్రయల్ అండి, ఫ్రీ అండి" అని మా చెరువులో పెట్టేరు. తేడా వస్తే ఫోన్ మోగుద్దన్నారు. కరెంటు బిల్లు కలిసొస్తదని రాత్రి సగం ఏరేటర్లు ఆపించేరు. తెల్లారగట్ల ఎందుకో మనసాగక టార్చి ఏసి చూద్దును గదా, రొయ్యంతా గట్టు వారకొచ్చి తేలిపోతంది. ఫోన్ తీస్తే ఆక్సిజన్ 6, అంతా బాగున్నట్టే. సిగ్నల్ పోయి సాయంత్రం అంకె మీదే ఆగిపోయింది! ఆళ్లకి ట్రయల్ రిపోర్టు దక్కింది, తర్వాతి విడతా వచ్చింది. నాకు సగం చెరువు పోయింది. ఫోన్ చేస్తే "డేటా చాలా ఉపయోగపడిందండి" అన్నారు.

లంక_కొబ్బరి:
అయ్యబాబోయ్.

తణుకు_మేష్టారు:
ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది. గ్రాంటా, అప్పా అన్నది కాదు మీ బాధ. ప్రయోగం విఫలమైతే కంపెనీ నష్టం సర్కారు మోస్తుంది, చెరువు ఇచ్చినవాడి నష్టం ఎవరూ మొయ్యరు.

కాకినాడ_కుర్రాడు:
అది అన్యాయమే, కాదనను. కానీ ప్రతి చెరువుకీ పరిహారం రాసిస్తే 20 లక్షలు ఏ మూలకండీ? పది చోట్ల పెట్టాల్సింది రెండు చోట్ల పెట్టాలి. ఉప్పు నీళ్లు వేరు, మంచినీళ్లు వేరు, రెండు చెరువులు చూసి ఏం తేలుస్తాం?

ఉండి_రాజు:
రెండే పెట్టండి, ఎవరొద్దన్నారు? మా చెరువు కావాలంటే మాత్రం ముందు స్టాంపు కాయితం మీద రాసుకురండి.