కేసు ఇంకా తేలలేదు, ఊరు మాత్రం దొంగని తేల్చేసింది

కావలి కుర్రోడు: మా బావమరిది రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. పోయిన నెల ఏరేటర్ (గుంట నీళ్లలోకి గాలి కొట్టే యంత్రం) మోటార్లు పోయాయని ఇంకో ఇద్దరితో కలిపి తీసుకెళ్లి, ముసుగులేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టారు. మర్నాడు పేపర్లో ‘నేరం ఒప్పుకున్నారు’ అని వేశారు. ఇంటిపేరు, ఊరిపేరు రాశాక ఇంక ముసుగెందుకంట? బెయిలొచ్చింది, ఛార్జిషీటు ఇంకా వెయ్యలేదు, యజమాని మాత్రం పనిలోకి రావద్దన్నాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో ఇంకా తిరుగుతానే ఉంది. రుజువయ్యేదాకా నిర్దోషే అంటారు కదన్నా, ఇప్పుడు తియ్యలేదని వాడే నిరూపించుకోవాలా?

నెల్లూరు వకీలు: అక్కర్లేదు తమ్ముడూ. రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషనే. మీవాడు కోర్టులో నోరు మెదపకపోయినా అది నేరమైపోదు, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతం చెయ్యకూడదని రాజ్యాంగం 20(3) ఉంది. రాత్రి కాపలా ఉన్నది వాడే కాబట్టి తీసిందీ వాడే అంటే సరిపోదు. అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కిందికి రాదని సుప్రీంకోర్టు 1984లో శరద్ సార్డా కేసులో చెప్పింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కూడా సాక్ష్యంగా పనికిరాదు, కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్ చూడు. అయితే ఒక మెలిక ఉంది. వాడు చెప్పిన మాటను బట్టి సొత్తు దొరికితే అంతమేరకు ఆ మాట చెల్లుతుంది. మోటార్లు ఎక్కడ దొరికాయంట?

గుంటల రైతు: చెక్కు బౌన్సు కేసుల్లో ఈ నిర్దోషి కథలేం నడవవు సార్. మేతకి అప్పిచ్చేటప్పుడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకుంటారు, లెక్క తేడా వస్తే బ్యాంకులో వేసేస్తారు. అప్పు లేదని నేను చూపించుకోవాలి!

నెల్లూరు వకీలు: అక్కడ చెక్కులకి వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 139వ సెక్షన్ ప్రకారం అప్పు ఉందనే అనుకుంటారు, నిజమే. కానీ నువ్వు పూర్తిగా రుజువు చెయ్యక్కర్లేదు, నీ మాట నమ్మదగ్గట్టుంటే చాలు, 2010లో రంగప్ప కేసులో అదే అన్నారు. మేత బిల్లులు, ఖాతా పుస్తకం పారెయ్యబాక.

ఒంగోలు పిల్ల: ప్రెస్‌మీట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? రుజువయ్యేదాకా నిర్దోషే అని ఐరాస పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 14(2) చెప్తుంది, మన దేశం 1979లో అందులో చేరింది. విచారణ కాకముందే అధికారులు ఫలానావాడే చేశాడని బహిరంగంగా చెప్పకూడదని, పేపర్లూ సంయమనం పాటించాలని ఐరాస మానవ హక్కుల కమిటీ 2007లో రాసింది. మన కోర్టులో అది తీర్పులా చెల్లదు గానీ, వాదనకి పనికొస్తుంది. వాట్సాప్‌లో ‘దొంగ’ అని రాసినవాళ్ల మీద పరువునష్టం కేసు వెయ్యొచ్చు, ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

కావలి కుర్రోడు: మోటార్లు పాత ఇనుము కొట్లో దొరికాయన్నా. మావాడితో ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, ఏముందో వాడు చదవలేదు.

నెల్లూరు వకీలు: అది మధ్యవర్తుల నామా, అంటే సాక్షుల ముందు పోలీసులు రాసుకునే కాగితం, అయ్యుంటుంది. బెయిల్ చూసిన వకీలు దగ్గర రిమాండ్ రిపోర్టు (అరెస్టు చేశాక పోలీసులు కోర్టుకిచ్చేది) ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చదివించు. ఆ కొట్టు పేరు మొదట ఎవరు చెప్పినట్టు రాశారో చూడు, కేసంతా దానిమీదే.