తాత సంవత్సరీకం పూజలో మాట్లాడమన్నారు, ఏం చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌లో పని చేస్తున్నా. మేం క్యాథలిక్ క్రైస్తవులం, గుళ్లో ఆరాధనను పూజ అంటాం. వచ్చే నెల తాత సంవత్సరీకం. పూజలో సత్ప్రసాదం (ఫాదర్ గారు పంచే అప్పం) అయ్యాక ఇంట్లో ఎవరైనా ఐదు నిమిషాలు మాట్లాడొచ్చని మా విచారణ (పారిష్) ఫాదర్ గారు అన్నారు. నాయన "నాతోని కాదు" అన్నాడు. మేనత్తలు మైక్ చూస్తేనే ఏడుస్తారు. చివరికి నా మీద పడింది.

"ప్రార్థనాపరుడు, మంచి మనిషి" అని చెప్పి దిగిపోవచ్చు. కానీ అది ఏ తాతకైనా సరిపోతుంది. మా తాత వేరు.

మా ఊళ్లో ఆర్‌.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) గుడి చిన్నది, ఫాదర్ గారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు గంట కొట్టేది, జపమాల చెప్పించేది తాతే. పెళ్లికి ముందు నాగార్జునసాగర్ డ్యామ్ మీద రాళ్లు మోశాడు, తర్వాత ఎకరంన్నర చెల్కలో ఆముదాలు, కంది. చిన్నప్పుడు పూజ లాటిన్‌లో ఉండేది కదా, ఫాదర్‌కు జనం చెప్పే ఆ జవాబులు ముసలితనంలో కూడా మర్చిపోలేదు. బర్రె పాలు పిండుతూ "ఎత్ కుమ్ స్పీరితూ తువో" అనేవాడు. అది విననిదే బర్రె చేపదని నానమ్మ ఎగతాళి. ఏటా ఫిబ్రవరిలో విజయవాడలో గుణదల మరియమాత గుడికి పోయి తలనీలాలు ఇచ్చేవాడు. పోయేటప్పుడు సూర్యాపేటలో బస్సు ఆగితే ఇడ్లీ, వచ్చేటప్పుడు మాత్రం ఏమీ తినేవాడు కాదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

వాడలో ఎవరు చనిపోయినా గడ్డపార పట్టుకుని ముందు పోయేది తాతే. గుడికి రానివాళ్లకైనా సరే, గుంత తవ్వి, మట్టి సర్ది, ఇంటికొచ్చి స్నానం చేసి ఒక పరలోక జపం.

ఇక కల్లు. తాతకు తాటికల్లు ప్రాణం. సరిగ్గా తాళ్లు పారే సీజన్‌లోనే తపస్కాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాల కాలం, వస్తుంది. అది మొదలయ్యే విభూది బుధవారం నుంచి ముంత ముట్టడు. ఈస్టర్ పూజ అయ్యీ కాకముందే తాళ్ల దిక్కు నడక. పూర్తిగా మానేయమని ఒక ఫాదర్ గారు అంటే, "అప్పుడు ఉపవాసానికి విలువేముంటది ఫాదర్" అన్నాడట. ఇది గుళ్లో చెప్పొచ్చా?

అసలు టెన్షన్ ఇంకొకటి. 1990లో నాయన డిగ్రీ అయ్యాక కులం సర్టిఫికెట్ కోసం తాతే వెంట పోయాడు. వాడలో చాలామంది ఎస్సీ అని రాయించుకున్నారు. తాత క్రైస్తవులమనే చెప్పాడు, రిజర్వేషన్ చాలా తక్కువ ఉండే బీసీ-సీ వచ్చింది. నాయనకు ఉద్యోగం రాలేదు. ఆ కోపం ఆయనలో ఇప్పటికీ ఉంది, తాత మంచం పట్టినప్పుడు సేవ చేసిందీ ఆయనే. ఇది వదిలేస్తే తాత సగమే చెప్పినట్టు. చెబితే నాయన ముందు వరుసలోనే కూర్చుని ఉంటాడు. ఏం చేయమంటారు?

జవాబు 1 (రిటైర్డ్ ఉపదేశి, అంటే గుళ్లో బోధ, జపాలు చూసేవాణ్ణి, సూర్యాపేట)

బిడ్డా, మీ ఫాదర్ గారు చెప్పిన సమయం సరైనదే. భూస్థాపన పూజలో ప్రసంగం సువిశేషం మీదే ఉండాలి, చనిపోయినవాళ్లను పొగడడం కాదు అని నియమాల్లోనే ఉంది. ఇంటివాళ్ల మాట సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాకే. సంవత్సరీకానికీ మేం అదే పాటిస్తాం.

కాగితం మీద రాసుకో, రెండు పేజీలు దాటొద్దు. మైక్ ముందు పేజీ తిప్పడం కూడా సమయమే. గుంతలు తవ్విన సంగతి ముందు పెట్టు, చనిపోయినవారిని పాతిపెట్టడం మన దయాకార్యాల్లో ఒకటి. కల్లు కూడా చెప్పు, జనం నవ్వుతారు, నవ్వనీ. సర్టిఫికెట్ మాత్రం వద్దు. అది మీ నాయన గాయం, నువ్వు మైక్‌లో విప్పేది కాదు.

జవాబు 2 (మహబూబ్‌నగర్, రెవెన్యూలో చేసి రిటైర్ అయ్యాను)

ఉపదేశి గారితో ఈ ఒక్క విషయంలో ఏకీభవించను. ఆ కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను చేర్చారు. మీ నాయన తిరిగిన ఆ 1990లోనే బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లది బీసీ-సీ, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15 శాతం. నిజం చెప్పినందుకు మీ ఇంటివాళ్లు చెల్లించిన వెల అది.

ఇంకో మాట. ఎస్సీ అని రాయించుకున్నవాళ్లను తక్కువ చేసేలా మాట్లాడకండి, వాళ్లూ ఆ గుళ్లోనే కూర్చుంటారు. పిల్లల కడుపు కోసం చేశారు. వాడ అదే, అంటరానితనం అదే, కాగితమే వేరు. అందుకే జాగ్రత్తగా, కానీ చెప్పండి. ముందు మీ నాయనను అడగండి.

జవాబు 3 (దేవరకొండ)

అక్కా, పెద్ద విషయాలు నాకు తెల్వదు. గుణదల నుంచి వచ్చేటప్పుడు తినకపోవడం మా అమ్మమ్మ కూడా చేసేది, తెచ్చిన కొబ్బరి ప్రసాదం ఇంట్లో పంచాకే తినేది. మీ తాతదీ అదే అయ్యుంటది. నానమ్మను అడుగు.

ప్రశ్న అడిగినామె

నానమ్మను అడిగా, ప్రసాదం సంగతి నిజమే. "ఇన్నేళ్లకు అడిగినవా" అని ఒక మాట కూడా పడింది.

నాయనను అడగడానికి రెండు రోజులు పట్టింది. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "ఉద్యోగం పోయిందని చెప్పకు. ఆఫీసులో ఏమన్నడో చెప్పు" అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు. ఏం రాయాలని అక్కడి క్లర్క్ అడిగితే తాత, "ఆదివారం నేనెక్కడుంటనో ఊరంతా చూస్తది సారూ, నువ్వు అదే రాయి" అన్నాడట. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు తాత మీద చెయ్యి ఎత్తేంత కోపం వచ్చిందట. అది కూడా చెప్పమన్నాడు.

కాబట్టి సర్టిఫికెట్ ఉంటుంది, ఉపదేశి గారు క్షమించాలి. కల్లు సంగతి ఫాదర్ గారికి ముందే చెప్పా. నవ్వి, "ఆ ఫాదర్ ఎవరో పేరు మాత్రం చెప్పకమ్మా" అన్నారు.